రోజా కట్ట

హోసూరు.

మనవడా,

ఎస్సై పరీక్ష గట్టెక్కావని మీ జేజి కృష్ణగిరి దాకా ఫోన్లు చేసింది. తాత చెప్పేది మాత్రం ఒకటే. ట్రైనింగుకు బయల్దేరేలోగా ఒక సినిమా చూడాలి.

1995 దీపావళికి ఊరంతా రజనీకాంత్ 'ముత్తు'కు ఎగబడితే, తాత అదే పండక్కి వచ్చిన 'కురుదిప్పునల్'కు వెళ్లాడు. తెలుగులో 'ద్రోహి'. గోవింద్ నిహలానీ హిందీలో తీసిన 'ద్రోహ్‌కాల్' కథే, పి.సి. శ్రీరామ్ దర్శకత్వం. ఒక్క పాట లేదు. కమల్‌హాసన్, అర్జున్ ప్రాణస్నేహితులైన పోలీసు అధికారులు. ఉగ్రవాదుల నాయకుడు నాజర్. కమల్‌ను లొంగదీయడానికి అతను నోట్ల కట్టలు చూపించడు, పెళ్లాం బిడ్డల్ని చూపిస్తాడు. ఏనాడూ చెయ్యి చాపని మనిషి రహస్యాలు చేరవేసే స్థితికి దిగిపోతాడు. అంతకన్నా తాతను కుదిపేసింది కె. విశ్వనాథ్. 'శంకరాభరణం' తీసిన పెద్దమనిషి ఇందులో పై అధికారి, ఆయనా అమ్ముడుపోయినవాడే. ఆ మొహాన్ని ఎవరు అనుమానిస్తారు? ఆయన్ను ఆ వేషానికి ఎంచుకున్నవాడి బుర్రకు దండం పెట్టాలి.

'టెంపర్' (2015)లో లంచగొండి ఎన్టీఆర్ ఒక్క కేసుతో మారిపోతాడు. ఈలలేయడానికి బాగుంటుంది. కానీ నిజం స్టేషన్లో మనిషి ఒక్కరోజులో పాడూ అవడు, బాగూ పడడు.

రోజాతోట ఉన్న కాలంలో తాత టెంపో తెల్లారకముందే బెంగళూరు మార్కెట్టుకు బయల్దేరేది. దారిలో ఒక చెక్‌పోస్టు, అక్కడొక కానిస్టేబులు. డబ్బు ముట్టడు. ఒక శుక్రవారం పూజకని తాత ఒక కట్ట ఇచ్చాడు. ఇరవై పూలు, తడి పేపరు చుట్టి. వద్దన్నాడు. "దేవుడికే కదా సామీ" అంటే తీసుకున్నాడు. మరుసటి వారం అతనే చెయ్యి చాపాడు. ఆర్నెల్లు తిరిగాక, మోయలేనంత సరుకుతో, కాగితాలు సరిగా లేని బండి వెళ్తుంటే టార్చి వేశాడు, డ్రైవరు పక్క సీట్లో ఉన్న తాతను చూశాడు, టార్చి ఆర్పేశాడు. అందులో సగం తప్పు అతనిదైతే, మిగతా సగం తాతదే.

2020 జూన్‌లో సాత్తాన్‌కుళం స్టేషన్లో చిత్రహింసలకు గురైన తండ్రీకొడుకులు చనిపోయారు. రాత్రంతా కొట్టారని మేజిస్ట్రేటుకు చెప్పింది అదే స్టేషన్ మహిళా హెడ్ కానిస్టేబులు. వాంగ్మూలం మీద సంతకం పెట్టడానికి మొదట భయపడింది, తర్వాత పెట్టింది. తోటి ఖాకీల వైపా, చట్టం వైపా అన్న ప్రశ్న సినిమాలో గంటల తరబడి నడుస్తుంది. ఆమెకు అంత వ్యవధి ఎక్కడిది!

ఎవరైనా చిన్న సాయం అడిగినా, ఇంట్లోవాళ్ల పేరెత్తి బెదిరించినా, ఆ పూటే జనరల్ డైరీలో టైముతో సహా ఎక్కించు. పై అధికారికీ చెప్పు. ఆ పై అధికారి విశ్వనాథ్ లాంటివాడైతే ఏమిటంటావా? అందుకే నోటిమాటగా వదిలేయకుండా రాసిపెట్టమనేది.

'ద్రోహి' డిస్కు మీ మామ బీరువాలో ఉంది. జేజిని పక్కన కూర్చోబెట్టుకుని మాత్రం చూడకు. ఉగ్రవాదులు కమల్ ఇంటి మీదికి వచ్చే చోటు చూసిందంటే, నిన్ను ట్రైనింగుకే పంపనంటుంది.

ఇట్లు,
తాత