చెరకు తీపని వేళ్ళతో పీకరాదు

చదువవలసిన భాగములు: సామెతలు 25:16, 17, ద్వితీయోపదేశకాండము 23:24



పెద్దలు చెప్పిన ఈ సామెత బోధను ప్రాంతపు వారికి క్రొత్తది కాదు. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో ఈ సీమలో చెరకు తోటలు విస్తరించెను. 1937లో బోధనులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ స్థాపింపబడెను. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతపడినను, చెరకు నేర్పిన పాఠము మనయొద్ద నిలిచియున్నది.

1. సామెత భావము

పండిన గడకు కొసకంటె మొదలు తీపి. నమలుచు క్రిందికి పోవుకొలది ఇంకను కావలెనని ఆశ పుట్టును. అయితే రైతు గడను నేలమట్టముగా నరికి, దుబ్బును భూమిలోనే విడుచును. దానినుండి మరల పిలకలు లేచి కార్శి తోట యగును; క్రొత్తగా ముచ్చెలు నాటు ఖర్చు తప్పును. వేళ్ళతో పీకినవానికి మిగులునది మట్టియే. పోవునది వచ్చు యేటి పంట. మంచివాని మంచితనమును తుదముట్ట వాడుకొనరాదని పెద్దల భావము.

2. వాక్యపు వెలుగు

తేనె దొరికినవాడు తగుమాత్రమే తినవలెనని చెప్పిన వెంటనే, పొరుగువాని యింటికి మాటిమాటికి పోరాదని గ్రంథకర్త హెచ్చరించుచున్నాడు. రెండును తీయనివే, మితము తప్పినచో రెండును వెగటగును. ధర్మశాస్త్రము పొరుగువాని ద్రాక్షతోటలో కడుపునిండ తిననిచ్చెను గాని, పాత్రలో వేసికొని పోనియ్యలేదు.

3. మనకు పాఠము

చేబదులు తీర్చలేక, ఇచ్చిన సహోదరుని ముఖము చూడలేక ఆరాధన మానినవారు మనలో లేరా? అడుగుట తప్పు కాదు. కాదనలేదని పదిసార్లు అడిగి, ప్రతిసారియు మాట తప్పినయెడల, సహోదరునే పోగొట్టుకొందుము. అట్టివాడు ఈ వారమే పోయి, కొంచెమైనను చెల్లించవలెను. లేనియెడల తన స్థితిని దాచక చెప్పవలెను.

కలిగినవారు ఈ సామెతను సాకుగా చేసికొని తలుపు మూయరాదు. ఇది తినువానికి చెప్పిన మాట, తోట యజమానునికి కాదు. కూడు గుడ్డ లేనివానికి వట్టి దీవెన పలుకుట వ్యర్థమని యాకోబు 2:15, 16 బోధించుచున్నది.

ఆలోచించుడి

1. ఎవరి దయను నేను వేరువరకు లాగుచున్నాను?
2. నా పొలములో ఆకలిగొన్నవానికి చోటున్నదా?

ప్రార్థన: ప్రభువా, తగినంతతో తృప్తిపడు మనస్సును, మా సహోదరుని కాపాడు ప్రేమను మాకు దయచేయుము. ఆమేన్.