పరదేశంలో పథ్యం

పిల్లల దగ్గరికి విదేశం వెళ్లబోయే పెద్దవాళ్లలో గోధుమ పడనివాళ్లకు వీసా కంటే ముందు తిండి బెంగ పట్టుకుంటుంది. నేనూ ఆ పథ్యంతోనే ఏళ్లుగా తిరుగుతున్నాను. అడిగినవాళ్లకు చెబుతూ వచ్చిన మాటలే ఇవి.

1. మీది ఏ జబ్బో ముందు ఖాయంగా తెలుసుకోండి. పాలు పడకపోవడం వేరు, సీలియాక్ వేరు. పాలలోని లాక్టోజ్ అరగకపోతే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి, తర్వాత సర్దుకుంటుంది. చాలామందికి పెరుగు కొంత పడుతుంది కూడా. సీలియాక్ అలా కాదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ లోపలికి వెళితే మన రోగనిరోధక శక్తే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. బాధ పైకి తెలియకపోయినా ఆ దెబ్బ పడుతూనే ఉంటుంది. నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విలెం డికెకు 1930లలోనే గోధుమ మీద అనుమానం ఉండేది. 1944–45 చలికాలపు కరువులో రొట్టె దొరకని రోజులు ఆ అనుమానాన్ని బలపరిచాయి. 1950లో ఆయన దాన్ని పరిశోధన గ్రంథంగా రాశాడు. ఇదంతా మనసు కల్పించుకున్న బాధ అనేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను.

2. విమానంలో శాకాహారులకు ఒక చిక్కుంది. జీఎఫ్ఎమ్ఎల్ అన్న కోడ్‌తో కోరుకుంటే గ్లూటెన్ లేని భోజనం వస్తుంది కానీ అందులో మాంసం ఉండవచ్చు. ఏవీఎమ్ఎల్ అంటే మన శాకాహారమే, దానితో చపాతీ రావచ్చు. మామూలుగా ఒక మనిషికి ఒక్క కోడే ఇస్తారు. అందుకని వేయించిన పల్లీలు, నువ్వుండలు, పోపు అటుకులు సంచిలో ఉండాలి. దిగేలోపు తినేయండి. మిగిలినది ఏదైనా కస్టమ్స్ కాగితంలో దాచకుండా రాయండి. బియ్యం మాత్రం అసలు పెట్టుకోవద్దు. ధాన్యాన్ని పట్టే ఖాప్రా పురుగు భయంతో అమెరికాలో మన దేశపు బియ్యాన్ని ప్రయాణికుల సామానులో రానివ్వరు.

3. యూరప్‌లో మొహమాటం లేకుండా అడగండి, అది మీ హక్కు. 2014 డిసెంబరు నుంచి అక్కడి హోటళ్లు కూడా 14 రకాల అలర్జీ పదార్థాల్లో ఏవి వంటలో ఉన్నాయో చెప్పి తీరాలి. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ దేశాల్లో ఇటలీ అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. పాస్తా, పిజ్జా పుట్టిల్లయిన దేశమే ఈ జబ్బును అందరికంటే బాగా అర్థం చేసుకుంది. 1979లో పుట్టిన ఇటలీ సీలియాక్ సంఘం, వంటవాళ్లకు శిక్షణ ఇచ్చి ఏ హోటల్లో తినవచ్చో జాబితా ఇస్తుంది. మందుల షాపుల్లో కూడా ‘సెంజా గ్లూటినే’ (గ్లూటెన్ లేనిది) అని రాసిన రొట్టె, బిస్కట్లు దొరుకుతాయి. అయినా వంటింటి సంగతి అడగాల్సిందే. పాస్తా ఉడికించే నీళ్లు వేరా? బంగాళాదుంప వేపుడు నూనెలో ఇంకేమైనా వేయించారా? పిజ్జా పొయ్యి వేరా? సమాధానం తడబడితే లేచి వచ్చేయండి.

4. జపాన్‌లో అన్నం తినే జనమే కదా అని నిశ్చింతగా ఉండకండి. మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, అది లేని వంట అరుదు. తమారీ రకాల్లో చాలావాటిలో గోధుమ ఉండదు, చిన్న సీసా వెంట ఉంచుకోండి. వేసవిలో చల్లగా ఇచ్చే ముగిచా అనే పానీయం బార్లీతో కాచినది. మన శాకాహారులకు పులుసుల్లో చేప రసం సంగతి మరొకటి.

5. అమెరికాలో ప్యాకెట్ మీద గోధుమ పేరు తప్పక రాయాలి, బార్లీ పేరు రాసి తీరాలన్న చట్టం లేదు. కాబట్టి ‘మాల్ట్’ అన్న మాట కోసం వెతకండి. కార్న్‌ఫ్లేక్స్‌లో సైతం అది ఉండవచ్చు. ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ఉంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలన్నది అక్కడా, యూరప్‌లోనూ ఒకటే నియమం.

6. అన్నిటికంటే కష్టం మనవాళ్ల ఇళ్లు. హోటల్లో అడగగలిగిన మాట బంధువుల ఇంట్లో నోటికి రాదు. వాళ్లు ప్రేమతో మన కోసమే పొద్దుటి నుంచి వండి ఉంటారు. “పిన్నిగారూ, సాంబారులో గోధుమ ఎక్కడుందండీ?” అంటారు. డబ్బాల్లో వచ్చే ఇంగువపొడి చాలావాటిలో మైదా కలుపుతారు. ఆ సంగతి తెలిసిన ఇల్లాళ్లు తక్కువ. పులిహోర, పప్పు, చారు అన్నిటికీ ఆ ఇంగువ పోపే. పూరీలు వేయించిన మూకుట్లోనే అప్పడాలు వేయిస్తారు. ఇడ్లీ మంచిదే, ఇడ్లీ రవ్వ బియ్యపుదే. రవ్వ దోసె, ఉప్మా, గుళ్లో పెట్టే రవ్వకేసరి గోధుమ రవ్వతో చేసేవి, మనకు కావు. ప్రసాదాన్ని కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇస్తే దేవుడికి కోపం రాదు.

వెళ్లే ముందు రోజే ఫోన్ చేసి, “అమ్మా, ఇది నా అలవాటు కాదు, జబ్బు. అన్నం, ఇంగువ లేని ముద్దపప్పు, నెయ్యి, అరటికాయ వేపుడు చాలు” అని చెప్పండి. ముందు చెబితే ఏ ఇల్లాలూ చిన్నబుచ్చుకోదు. విస్తరి ముందు కూర్చున్నాక వద్దంటేనే ఆమె మనసు కష్టపడుతుంది. విందుకు నలుగురూ వచ్చే చోట అందరికంటే ముందు వడ్డించుకోండి. కాసేపటికి చపాతీల కూరలో గరిటె పప్పులోకి వస్తుంది.