అడగని బేరం: ఆరా తీయనిదే సరుకు కదపరాదు

మిర్యాలగూడ బియ్యం మిల్లర్లకు, బాదేపల్లి వేరుశనగ వర్తకులకు నేడు బేరాలు దలాలుల ద్వారానే గాక సెల్‌ఫోనుకు కూడా వస్తున్నాయి. అందులో నకిలీని పసిగట్టే పద్ధతి వర్తకులు తెలుసుకోవలసి ఉంది.

ముఖపరిచయం లేని వ్యక్తి మార్కెట్ ధరకు మించి ఇస్తాననడం మొదటి అనుమానం. శాంపిల్ చూడక, తేమ శాతం అడగక, తరుగు మాట ఎత్తక వంద టన్నులు ఖాయం చేసేవాడు సరుకు కోసం వచ్చినవాడు కాడు. తరువాత 'రిజిస్ట్రేషన్ ఫీజు' కట్టమంటాడు. కొనేవాడే అమ్మేవాడిని డబ్బు అడగడం ఏ గంజ్‌లోనూ ఆనవాయితీ కాదు.

జీఎస్టీ నంబరు చూడండి. అందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తరువాతి పది పాన్ నంబరు. సూర్యాపేట దుకాణమని చెప్పి ఢిల్లీ అంకె 07 చూపితే ఆగవలసిందే. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు వేస్తే సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, అది చెల్లుబాటులో ఉన్నదీ లేనిదీ తెలుస్తాయి. అయితే పరుల నంబరు వాడుకునేవారూ ఉన్నారు. కనుక బ్యాంకు ఖాతా పేరు సరిపోల్చి, ఆ ఊరి అడ్తిదారును విచారించాలి.

యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు; పిన్ కొడితే పోయేది మన సొమ్మే. స్క్రీన్‌షాట్ జమ కాదు. ఖాతాలో పడ్డాకే లారీ కదలాలి.

మోసపోతే ఆ క్షణమే 1930కు ఫోన్ చేయాలి. సొమ్ము చేతులు మారకముందైతే నిలిపే వీలుంటుంది.

బేరం రేపైనా వస్తుంది. పోయిన పెట్టుబడి రాదు.