కొలత తెలిసినవాళ్లకే ఈ కొలువు

షోలాపూర్ తూర్పు భాగంలో సాఖర్ పేట, భద్రావతి పేట, దత్తనగర్ సందుల్లో తిరిగితే మహారాష్ట్రలో ఉన్నామన్న సంగతే మరిచిపోతాం. మగ్గాల చప్పుడును మించి వినిపించేది తెలుగే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి తరాల కిందట వలసొచ్చిన పద్మశాలీలు అక్కడ చద్దర్లు, టర్కీ తువ్వాళ్లు నేసి ఊరికి పేరు తెచ్చారు. ఆ రెండింటికీ జీఐ గుర్తింపు ఉంది. తండ్రి కార్ఖానాకు పోతాడు, తల్లి బీడీల చాట ఒళ్లో పెట్టుకుంటుంది, పిల్లలు కాలేజీకి బయల్దేరుతారు. పద్మశాలీ శిక్షణ సంస్థ నడిపే ఎ.ఆర్.బుర్లా మహిళా కళాశాలలోనో, అశోక్ చౌక్ దగ్గరి వాల్‌చంద్ ఇన్‌స్టిట్యూట్‌లోనో, పుణె రోడ్డులోని అహల్యాదేవి హోల్కర్ విశ్వవిద్యాలయంలోనో చదివే ఆ పిల్లలతో, వాళ్లలాంటి సిరిసిల్ల, పోచంపల్లి పిల్లలతో పర్యావరణ ఉద్యోగాల గురించి ఒక మాట చెప్పాలి.

పర్యావరణం అనగానే మీకు గుర్తొచ్చేది డిగ్రీలో తప్పనిసరిగా రాయాల్సిన ఒక పేపరు, జూన్ 5న మొక్క నాటి దిగే ఫొటో. ఆ మొక్కను తక్కువ చేయను. కానీ ఉద్యోగం అక్కడ లేదు, కొలతలో ఉంది. న్యాక్ గుర్తింపు కావాలనుకునే కాలేజీలు ఇప్పుడు గ్రీన్ ఆడిట్, ఎనర్జీ ఆడిట్ చేయించుకుంటున్నాయి. ఎన్ని యూనిట్ల కరెంటు కాలింది, ఎన్ని లీటర్ల నీళ్లు పోయాయి, ఎన్ని కిలోల చెత్త బయటికెళ్లింది అని వాటిలో లెక్క చూపాలి. బయటివాళ్లు రెండు రోజులు తిరిగి రాసిపోయే ఆ లెక్కను, మూడేళ్లు అక్కడే గడిపే విద్యార్థి ఇంకా బాగా రాయగలడు.

రాసి చూద్దాం. కాలేజీలో 200 ఫ్యాన్లున్నాయనుకోండి. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. ఒక్కోదానికి 45 వాట్లు మిగులు. రోజుకు 8 గంటల చొప్పున 200 రోజులు తిరిగితే ఏడాదికి 14,400 యూనిట్లు మిగులుతాయి. కరెంటు బిల్లు చూసి యూనిట్ ధరతో గుణించండి, కొత్త ఫ్యాన్ల ఖరీదు ఎన్నేళ్లలో తిరిగొస్తుందో తేలుతుంది. ఇక నీళ్లు. షోలాపూర్‌లో కుళాయి రోజూ రాదు. భీమా నది మీది ఉజని జలాశయం నుంచి వచ్చే నీటిని ఇంటింటా డ్రమ్ముల్లో నింపి పెట్టుకుంటారు. అదే ఊళ్లో కాలేజీ కప్పు వెయ్యి చదరపు మీటర్లుంటే, ఏడాదికి 500 మిల్లీమీటర్ల వాన పడినా దాని మీద 5 లక్షల లీటర్లు కురిసినట్టే. ఆవిరయ్యేది, ఒలికిపోయేది తీసేసినా 4 లక్షల లీటర్లు బోరు పక్కన ఇంకించొచ్చు. ఈ రెండు లెక్కలూ కట్టి, ప్రిన్సిపాల్ ముందు పెట్టి, ఒక్కదాన్నయినా అమలు చేయించిన విద్యార్థికి ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత కథ ఉంటుంది. పది ఆన్‌లైన్ సర్టిఫికెట్లకన్నా అది బరువైనది.

కాలేజీ గేటు దాటితే అసలు పని కనిపిస్తుంది. అద్దకం కార్ఖానాల్లో నూలుకు రియాక్టివ్ రంగులు అద్దేటప్పుడు లీటరు నీటికి 30 నుంచి 80 గ్రాముల ఉప్పు వేస్తారు. వేసిన రంగులో కొంత నూలుకు పట్టదు. ఆ రంగూ ఉప్పూ కలిసి మురుగులోకి పోతాయి. సున్నం, పటిక వేస్తే రంగు కొంతవరకు దిగుతుంది, కరిగిన ఉప్పు మాత్రం దిగదు. దానికి ఆర్‌వో, ఆ తర్వాత ఎవాపరేటర్ కావాలి, రెండింటికీ బోలెడు శక్తి ఖర్చవుతుంది. అందుకే రంగు తొట్టి దగ్గరే నీళ్లు, ఉప్పు తగ్గించగల మనిషి విలువైనవాడు. వార్పు, బీమ్, జకార్డ్ అన్న మాటలు మీరు చిన్నప్పటి నుంచీ విన్నారు. పట్నంలో పుట్టిన ఇంజినీరుకు వాటిని నేర్చుకోవడానికే ఆరు నెలలు పడుతుంది. పైగా మీకు తెలుగు, హిందీ, షోలాపూర్ పిల్లలకైతే మరాఠీ కూడా వచ్చు. కార్మికుడు ఆఫీసరుకు చెప్పని నిజం తన భాష మాట్లాడేవాడికి చెబుతాడు.

దారులు చాలానే ఉన్నాయి. కెమిస్ట్రీతో బీఎస్సీ చేసినవాళ్లు నీటి పరీక్షల ల్యాబుల్లో, మురుగు శుద్ధి ప్లాంట్లలో మొదలుపెట్టొచ్చు. పీహెచ్, టీడీఎస్, బీఓడీ, సీఓడీ పరీక్షలు చేతికి అలవాటవ్వాలి. పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చదివినవాళ్లు కాలుష్య నియంత్రణ మండళ్ల నోటిఫికేషన్లు చూస్తుండాలి. టెక్స్‌టైల్ వైపు మనసుంటే ఇచల్‌కరంజిలోని డీకేటీఈ, వెంకటగిరిలోని చేనేత సంస్థ ఉన్నాయి. ఇంజినీరింగ్ తర్వాత కొన్నేళ్ల అనుభవం సంపాదించి బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పరీక్ష రాస్తే ఎనర్జీ ఆడిటర్ కావచ్చు. ఐటీఐ ఎలక్ట్రీషియన్లకు సోలార్ బిగింపు పని ఉంది. కామర్స్ వాళ్లూ నిరాశపడనక్కర్లేదు. మార్కెట్ విలువలో ముందున్న 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణ, సామాజిక వివరాలతో బీఆర్ఎస్ఆర్ నివేదిక ఇవ్వాలని సెబీ నిబంధన పెట్టింది. అంకెలు సరిచూసే మనిషి అక్కడా కావాలి.

మొదటి జీతం పెద్దగా ఉండదని ముందే తెలుసుకోండి. ల్యాబులో, ప్లాంటులో రెండేళ్లు చేతులు తడిపాకే ఎదుగుదల. గ్రీన్ జాబ్ గ్యారంటీ అంటూ లక్ష రూపాయల ఫీజడిగే కోర్సుల జోలికి పోవద్దు.

ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. 2025 మే 18న షోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలోని ఒక తువ్వాళ్ల కార్ఖానాలో మంటలు చెలరేగి 8 మంది చనిపోయారు. నూలు దూది పేరుకున్న చోట నిప్పు ఎంత త్వరగా పాకుతుందో మగ్గాల ఇళ్లలో పెరిగిన మీకు వేరే చెప్పాలా? అందుకే పర్యావరణంతో పాటు భద్రత కూడా చదవండి. ఏడాదిలో ముగిసే ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా ఉంది, చేరే ముందు అర్హత నిబంధనలు చూసుకోండి. ఈ చదువు మన పేటల్లో ప్రాణాలు కాపాడుతుంది.

రేపు కాలేజీకి వెళ్లగానే కరెంటు మీటరు ఎక్కడుందో వెతకండి. రీడింగు, తేదీ నోటుబుక్కులో రాయండి. నెల తర్వాత అదే రోజున మళ్లీ రాయండి.