ముందు కాగితం చూపించమనండి

మీ అబ్బాయో అమ్మాయో ఒకరోజు వచ్చి, స్నేహితులతో కలిసి రాక్ పాట ఒకటి కట్టామని, దానికి వీడియో తీస్తామని చెప్పారనుకోండి. అమలాపురమైనా రాజోలైనా కొత్తపేటైనా పెద్దవాళ్ల నోట ముందు వచ్చే మాట ఒకటే: "మరి చదువు?" అడగాల్సిన మాటే. కానీ అక్కడితో ఆపేస్తే పిల్లలు వీడియో మానరు, మనకి చెప్పడం మానేస్తారు. చుట్టూ గోదావరి పాయలూ సముద్రమూ ఉన్న మన కోనసీమలో ఇంట్లో చెప్పకుండా వెళ్లడం కంటే పెద్ద ప్రమాదం లేదు.

కాబట్టి వెంటనే సరే అనొద్దు, వద్దనీ అనొద్దు. "ఏం తీస్తారో కాగితం మీద రాసుకురా, కూర్చుని చూద్దాం" అనండి. ఉత్సాహం ఒక్కటే ఉన్నవాళ్లు ఆ కాగితం దగ్గరే ఆగిపోతారు. నిజంగా తీయాలనుకున్నవాళ్లు రెండోరోజుకి రాసుకొస్తారు.

వీడియో అనగానే ఖరీదైన కెమెరా, లక్షల ఖర్చు అని భయపడకండి. అమెరికాలో ఓకే గో అనే రాక్ బ్యాండు 2006లో ఎనిమిది ట్రెడ్‌మిల్లులు వరసగా పెట్టి, వాటి మీద నలుగురూ అడుగులు వేస్తూ ఒక వీడియో తీసింది. కెమెరా కదలదు, మధ్యలో కత్తిరింపు లేదు. అడుగులు కూర్చింది గాయకుడి సోదరి. ఆ వీడియోకి 2007లో గ్రామీ అవార్డు వచ్చింది. అందులో కనిపించేది డబ్బు కాదు, ముందే కూర్చుని ఆలోచించుకున్న తీరు, పదేపదే చేసిన సాధన. పిల్లలతో కలిసి ఒకసారి చూడండి, మీ ఇద్దరి మధ్య మాట సులువవుతుంది.

రాక్ అంటే ఒట్టి అరుపులని కొందరు తల్లిదండ్రులు బాధపడతారు. డ్రమ్ముల మోత మన నేలకి కొత్తేమీ కాదండీ. మన చాలా ఊళ్లలో గిటారూ కీబోర్డూ డ్రమ్స్ పిల్లల చేతికి మొదట దొరికేది చర్చిలో. పెళ్లిళ్ల బ్యాండు మేళం సంగతి చెప్పనే అక్కర్లేదు, అంబాజీపేట బ్యాండు పేరుతో 2024లో సినిమాయే వచ్చింది. వీడియోకి డ్రమ్స్ కావాలంటే కొనక్కర్లేదు, అలాంటి చోట మర్యాదగా అడిగితే ఒకపూటకి దొరకొచ్చు. ఇంకో సంగతి, షూటింగ్ రోజు వాళ్లు నిజంగా వాయించరు. ముందే రికార్డు చేసిన పాటని స్పీకర్‌లో పెట్టుకుని, దానికి పెదాలూ చేతులూ కలుపుతారు. కరెంటు అక్కర్లేదు, ఊరు అదిరిపోదు.

ఇక ఆ కాగితం. పాటని ముక్కలు చేసి రాయాలి. ఎన్నో సెకను నుంచి ఎన్నో సెకను దాకా పల్లవి, ఎక్కడ చరణం, ఎక్కడ గిటారు. ఒక్కో ముక్కకీ ఎదురుగా ఏ చోట, ఏ వేళ, ఎవరెవరు, చేతిలో ఏముంటుంది. నాలుగు నిమిషాల పాట ఒక్క చోటే అయిదుసార్లు తీస్తే పాట ఆడేది ఇరవై నిమిషాలే, సర్దుకోవడాలతో పూట గడిచిపోతుంది. మూడు చోట్లకి మించి రాసుకొస్తే తగ్గించమనండి. ఇంట్లో ఒక పెళ్లి చేసిన మీకు ఈ లెక్క కొట్టినపిండి: బళ్లు ఎన్ని, భోజనాలు ఎక్కడ, వాన పడితే ఏం చేస్తాం. ఆ ప్రశ్నలు మీరే అడగాలి. పాట ఎలా ఉండాలి, జుట్టు ఎలా ఉండాలి అన్నవి మాత్రం వాళ్లకి వదిలేయండి.

చోటు విషయంలో మీకు తెలిసినంత వాళ్లకి తెలియదు. కొబ్బరితోటలో మిట్టమధ్యాహ్నం తీస్తే మొహాల నిండా ఎండానీడల మచ్చలు పడతాయి. పొద్దున్న ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం నాలుగు తర్వాత వెలుగు మెత్తగా ఉంటుంది. దింపు తీయని చెట్ల కింద డ్రమ్స్ పెట్టనివ్వకండి, కాయ రాలితే ప్రాణం మీదికొస్తుంది. ఏ వరస దింపు అయిందో తోట రైతునడిగితే చెబుతాడు. మార్చిలో నిండుగా పారే కాలువ చూసి మేలో తీద్దామనుకుంటారు, అప్పటికి కాలువలు కట్టేసి అడుగున బురదే మిగులుతుంది. జూలై, ఆగస్టుల్లో వరదొస్తే లంకల కాజ్‌వేలే మునిగిపోతాయి. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. జనవరి దాటితే ఇంటర్ పిల్లలకి ప్రాక్టికల్సూ పరీక్షలూ. నన్నడిగితే డిసెంబరు ఆదివారాలు మంచివి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో తీస్తామని తప్పకుండా అడుగుతారు. ప్రభలు ఊరేగి వచ్చే అందం ఎవరినైనా లాగుతుంది. దూరం నుంచి రెండు షాట్లు తీసుకోమనండి. ఆ జనంలో, దేవుడి ఎదుట, నటన వద్దు.

నీళ్ల దగ్గర మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. 2025 మే నెలాఖరులో ముమ్మిడివరం మండలం కమిని దగ్గర గోదావరిలో దిగిన ఎనిమిది మంది యువకులు తిరిగి రాలేదు. వేడుకకి వచ్చి సరదాగా స్నానానికి దిగినవాళ్లే. పైకి తిన్నెలా కనిపించే చోట అడుగున గొయ్యి ఉంటుంది, సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ పోటూపాటూ నది నడకని మార్చేస్తాయి. అంతర్వేదైనా ఓడలరేవైనా, నీళ్లలోకి దిగే షాట్ కాగితం మీద కనిపిస్తే మీ చేత్తోనే కొట్టేయండి. నది వెనకాల కనబడితే చాలు. కాలువగట్టు మీద బైకు నడుపుతుంటే వెనక్కి తిరిగి కూర్చుని ఫోనుతో తీయడం కూడా అలాగే కొట్టేయాల్సింది. డ్రోను ఎగరేస్తామంటే ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ జోనులో ఉందో చూపించమనండి. చమురు, గ్యాసు కేంద్రాలున్న సీమ మనది.

ఫ్రేములో వెనకాల ఏం పడుతుందో కూడా చూడమనండి. జిల్లా పేరు మార్పు మీద గొడవై 2022 మేలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. విగ్రహమో జెండానో ఫ్లెక్సీనో అనుకోకుండా పడినా, దానికి వేరే అర్థం తీసేవాళ్లుంటారు. రాక్ పాటలో కోపం ఉంటుంది, ఉండనివ్వండి. ర్యాంకుల మీద, ఉద్యోగాలు లేకపోవడం మీద, రొయ్యల చెరువుల ఉప్పునీటికి పాడైన చేల మీద వాళ్లు కోప్పడితే మనం వినాలి. ఒక పేటనో ఒక మనిషినో తక్కువ చేసే మాట ఉంటే మాత్రం ఆ చరణం మళ్లీ రాయమనాలి.

పాట ఎవరిది అన్నది ఇంకో ప్రశ్న. సినిమా పాటని రాక్‌లా మార్చి, కాలేజీలో తోటివాళ్ల ముందూ తల్లిదండ్రుల ముందూ పాడుకోవడానికి కాపీరైట్ చట్టం వెసులుబాటు ఇస్తుంది. వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టడం వేరు, దానికి హక్కుదారుల అనుమతి కావాలి. లేకపోతే వీడియో ఆపేయొచ్చు, వచ్చే డబ్బు వాళ్లకే పోవచ్చు. సొంత పాటైతే ఈ తలనొప్పి లేదు. అప్పుడు కూడా మాట ఎవరు రాశారు, బాణీ ఎవరు కట్టారు అన్నది రాసి, అందరూ సంతకం పెట్టిన కాగితం ఒకటి ఉంచుకోమనండి. స్నేహాలు చెడేది తరచుగా అక్కడే.

ఆడపిల్లలు ఉన్న బ్యాండైతే వాళ్లని ఇంట్లో కూర్చోబెట్టడం పరిష్కారం కాదు. షూటింగ్‌కి మీలో ఒకరు తోడు వెళ్లండి, దూరంగా కూర్చోండి, తీసేటప్పుడు కల్పించుకోకండి. చీకటి పడకముందే ఎవరిల్లు వాళ్లు చేరాలి. ఎడిటింగ్ అయ్యాక అప్‌లోడ్ చేయకముందే, వీడియోలో కనిపించే ప్రతి పిల్లా పిల్లాడూ, పద్దెనిమిది నిండనివాళ్లయితే వాళ్ల అమ్మానాన్నలూ, మొదటి నుంచి చివరిదాకా చూడాలి. ఎవరైనా ఫలానా షాట్ వద్దంటే కారణం అడక్కుండా తీసేయాలి. ఛానెల్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటుందో ముందే అనుకోండి. కామెంట్లు మొదటి వారం మూసి ఉంచమనండి. తర్వాత తెరవాలో వద్దో ఆ పిల్లలే కూర్చుని తేల్చుకుంటారు.