గాలి పద్దులో మన కయ్యల లెక్క

మా మేనమామకు చంద్రగిరి దగ్గర చెరువు కింద రెండు కయ్యలున్నాయి. ప్రాజెక్టు పనికని ఆ వరి మడిలో పెట్టె బోర్లించి, సిరంజితో లోపలి గాలి లాగుతూ ఉంటే ఆయన గట్టు మీద నిలబడి, "ఏం అల్లుడూ, పైరుకు సూది వేస్తా ఉండావా?" అన్నాడు. వేయడం కాదు మామా, తీయడం అన్నాను.

తీసేది మీథేన్. చెరువు బురదను కర్రతో కెలికితే బుడగలు లేస్తాయే, వాటిలో ఉండేది ఇదే. 1776లో ఇటలీలో వోల్టా అనే శాస్త్రజ్ఞుడు ఒక సరస్సు ఒడ్డున సరిగ్గా ఈ పనే చేసి, ఆ వాయువును పట్టి మండించి చూశాడు. గాలిలో ఇది పది లక్షల పాళ్లకు 2 పాళ్లు కూడా లేదు. అయినా వందేళ్ల లెక్కన చూస్తే, బరువుకు బరువు, బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది.

నీళ్లు నిలిచిన మడిలో ప్రాణవాయువు అందని బురదలో సూక్ష్మజీవులు దీన్ని తయారుచేస్తాయి. చాలా భాగం వరి కాడల్లోని సన్నని గాలిదారుల గుండానే పైకి వస్తుంది. అందుకే పెట్టె దుబ్బును కూడా కప్పాలి.

ఇక లెక్క. పెట్టె అడుగు వైశాల్యం ఒక చదరపు మీటరు, ఎత్తు అర మీటరు అనుకుందాం. అరగంటలో మీథేన్ 2 పాళ్ల నుంచి 5 పాళ్లకు పెరిగితే, చేరింది ఒకటిన్నర మిల్లీలీటర్లు, అంటే దాదాపు 1 మిల్లీగ్రాము. గంటకు 2. ఇంతే! కాని మొదటిరోజు మా పెట్టె అంచు బురదలో సరిగా దిగలేదు. గాలి కారిపోయి అంకెలు అడ్డదిడ్డంగా వచ్చాయి. ఆ రోజు కొలతలన్నీ పారేశాము.

ఖర్చు వైపు చూస్తే, అధిక భాగాన్ని ఎండలో పుట్టే హైడ్రాక్సిల్ అనే చురుకైన కణం గాలిలోనే హరిస్తుంది. కొంత ఆరిన నేలలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. గాలిలో కొలిచిన దాన్నిబట్టి అది ఎక్కడిదో వెనక్కి వెతకాలంటే గాలి ఎటు వీచిందో తెలియాలి. పై గాలులను కొలిచే 1024 యాంటెన్నాల రాడార్ మన గాదంకిలోనే ఉంది.

ఈ లెక్కలెందుకంటారా? ఒకప్పుడు అమెరికా సంస్థ ఒకటి భారతదేశపు వరి మడుల నుంచి ఏటా సుమారు 3 కోట్ల 80 లక్షల టన్నుల మీథేన్ వస్తుందని అంచనా కట్టింది. 1991లో డాక్టర్ ఎ.పి. మిత్రా నాయకత్వాన మనవాళ్లు మన మడుల్లోనే పెట్టెలు పెట్టి కొలిస్తే తేలింది సుమారు 40 లక్షల టన్నులు! కొలవకుండా ఉంటే ఆ తక్కినదంతా మన రైతు ఖాతాలోనే ఉండేది.

ఇదంతా విని మామ, "అయితే నీళ్లు కట్టొద్దంటారా?" అన్నాడు. మధ్యమధ్య ఆరగట్టి మళ్లీ కడితే మీథేన్ తగ్గుతుందన్నాను. "చెరువు నిండని ఏడు మేం చేసేది అదే గదా!" అని నవ్వాడు. అయితే ఆరబెట్టిన మడిలో నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వాయువు పెరగవచ్చు. కనుక వచ్చే పంటకు రెండూ కొలవాలి. ఈసారి గడియారం తాను పట్టుకుంటానన్నాడు మామ.