సవాల్ - జవాబు: ప్రోగ్రామింగ్‌లో ప్రశ్న అడిగే విద్య

మన కళాశాలలో రెండు భాషలు పక్కపక్కన నడుస్తున్నవి. ఉర్దూలో 'సవాల్' అంటే ప్రశ్న. ఆ మాటే తెలుగులోనికి వచ్చి 'సవాలు' అయి, పోటీకి పిలుపు అనే అర్థం తెచ్చుకున్నది. 'జవాబు' మాత్రం రెండు చోట్లా జవాబుగానే నిలిచింది. ఒకే పదం ఒక వాకిట ప్రశ్నగాను, పక్క వాకిట కయ్యానికి కాలు దువ్వడంగాను ఉండడం భాషాభిమానులకు వినోదం కావచ్చు. కంప్యూటర్ విద్య అభ్యసించే మా వంటి వారికి అది నిత్యానుభవం. మేము ప్రశ్న అడిగామని అనుకుంటాము. చదివేవారికి అది సవాలుగానో, సోమరితనంగానో కనిపిస్తుంది. ప్రోగ్రాం రాయడం నేర్పే పుస్తకాలు మన గ్రంథాలయంలో ఒక బీరువా నిండా ఉన్నవి. రాసిన ప్రోగ్రాం నడవనప్పుడు ఇతరులను ఎట్లా అడగాలో నేర్పే పాఠం మాత్రం మా సిలబస్సులో లేదు. ఆ లోటును గూర్చి నాలుగు మాటలు రాయాలని మా తరగతి మిత్రులం సంకల్పించాము.

మొదట మా అజ్ఞానాన్నే విన్నవించుకుంటాము. రెండవ సంవత్సరంలో సీ భాషలో ఒక ప్రోగ్రాం రాశాము. విద్యార్థి రోల్ నంబరు అడగాలి, తరువాత సెక్షన్ అక్షరం అడగాలి, ఆపైన మార్కులు తీసుకొని పట్టిక వేయాలి. రోల్ నంబరు ఇవ్వగానే యంత్రం సెక్షన్ కోసం ఆగకుండా మార్కుల దగ్గరకు దూకుతున్నది. రెండు రోజులు తల పట్టుకున్నాము. చివరకు ఇంటర్నెట్టులో ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే ఒకానొక వేదికలో మా గోడు రాశాము. శీర్షిక: 'ప్రోగ్రాం పనిచేయడం లేదు, చాలా అర్జెంటు'. దాని కింద రెండు వందల పైచిలుకు పంక్తుల ప్రోగ్రాం, అదీ తెరకు సెల్‌ఫోనుతో తీసిన ఫోటోలుగా. రేపే ప్రయోగ పరీక్ష అని కూడా జతచేశాము. కాసేపటికే ప్రశ్నను మూసివేశారు. 'మీ ఇంటిపని మేము చేయము' అన్న భావం వచ్చే వ్యాఖ్య ఒకటి మిగిలింది. మాలో ఒకరు ఆ రాత్రి ఇక జన్మలో ఎవరినీ ఏమీ అడగనని శపథం చేశారు. పరీక్షలో ఆ ప్రోగ్రామే వచ్చింది. ఫలితం చెప్పనవసరం లేదు.

కోపం చల్లారిన తరువాత ఆలోచిస్తే, అవతలి వారి స్థితి మాకు బోధపడింది. వైద్యుని దగ్గరకు వెళ్ళి 'ఒంట్లో బాగా లేదు, తొందరగా మందు ఇవ్వండి' అంటే ఆయన ఏమి చేయగలడు? ఎక్కడ నొప్పి, ఎప్పటి నుండి, ఏమి తిన్నావు అని అడుగుతాడు. ప్రోగ్రామింగ్ వేదికలో జవాబు ఇచ్చేవారు జీతం లేకుండా, తీరిక వేళలో ఇస్తున్నవారు. నాడి పట్టి చూసే అవకాశం కూడా వారికి లేదు. వారి ముందున్నది మనం రాసిన అక్షరాలు మాత్రమే.

కాబట్టి వారికి మూడు సంగతులు తెలియాలి. మనం ఏమి చేశాము, ఏమి జరుగుతుందని ఆశించాము, నిజంగా ఏమి జరిగింది. ఈ మూడింటిలో మనవాళ్ళు తరచుగా విడిచిపెట్టేది రెండవది. యంత్రం 87 చూపించింది అని రాస్తారు గాని, 87.4 రావలసి ఉన్నదని రాయరు. ఆ ఒక్క ముక్క ఉంటే, పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగించారని అనుభవజ్ఞుడు క్షణంలో పసిగడతాడు. 'పుట్టీ' అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ రచయిత సైమన్ టాథమ్ 1999లో, లోపాలను ఎట్లా నివేదించాలో వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. జరిగినదానిని జరిగినట్లు చెప్పడం వేరు, మన ఊహను చెప్పడం వేరు అన్నది అందులోని ముఖ్యాంశాలలో ఒకటి. కోర్టులో సాక్షి కూడా అంతే గదా. చూసినది చెప్పాలి, తీర్పు తాను చెప్పకూడదు.

ఇక అసలైన పని ప్రోగ్రామును కుదించడం. మా పాత ప్రశ్ననే మూడు నెలల తరువాత మళ్ళీ చేతికి తీసుకున్నాము. పట్టిక వేసే భాగం తీసివేశాము. తప్పు అట్లాగే ఉన్నది. మార్కుల భాగం తీసివేశాము. ఇంకా ఉన్నది. రోల్ నంబరు చదివే పంక్తి తీసివేయగానే తప్పు మాయమైంది! దానిని తిరిగి చేర్చి చూస్తే మిగిలినవి తొమ్మిది పంక్తులు. ఆ తొమ్మిదింటినీ అక్షరాలుగా రాసి, ఆశించినది, జరిగినది చెప్పి అడిగాము. ఈసారి ఒక పెద్దమనిషి జవాబు ఇవ్వలేదు, ఎదురు ప్రశ్న వేశారు: సెక్షన్ అక్షరం ఉండవలసిన చోట ఏమున్నదో దాని సంకేత సంఖ్యను అచ్చువేసి చూశారా? చూశాము. 10 వచ్చింది. 10 అంటే కొత్త పంక్తి గుర్తు. రోల్ నంబరు తరువాత మేము నొక్కిన ఎంటర్ మీట అక్కడే కూర్చొని, సెక్షన్ అక్షరం వేషం వేసుకొని లోపలికి పోతున్నది. చదివే ఆజ్ఞలో పర్సెంట్ సీ గుర్తుకు ముందు ఒక్క ఖాళీ ఉంచితే సరిపోయింది. రెండు రోజుల తలనొప్పికి మందు ఒక ఖాళీ జాగా! కుదించే పనిలోనే సగం జవాబు మాకు దొరికిందని, ఆ కుదింపు ముందే చేసి ఉంటే పరీక్ష గట్టెక్కేదని అప్పుడు గ్రహించాము.

ఇక్కడ మన విద్యార్థులకు ప్రత్యేకమైన ఒక చిక్కు ఉన్నది. మాలో చాలామంది పదవ తరగతి వరకు తెలుగు లేక ఉర్దూ మాధ్యమంలో చదివినవారే. 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ అనే ఇద్దరు అమెరికనులు నెలకొల్పిన 'స్టాక్ ఓవర్‌ఫ్లో' ఈ రంగంలో పేరుపొందిన వేదిక. ఇంగ్లీషుకు తోడు పోర్చుగీసు, స్పానిష్, రష్యన్, జపనీస్ భాషలలో దానికి శాఖలు వెలిసినవి. తెలుగుకు గాని ఉర్దూకు గాని లేవు. వ్యాకరణం తప్పితే నవ్వుతారేమో అన్న సిగ్గు మన నోరు కట్టివేస్తున్నది. మా అనుభవం చెప్పమంటే, కుదించిన ప్రోగ్రామును మించిన ఇంగ్లీషు లేదు. మా రెండవ ప్రశ్నలో వాక్యాలు నాలుగే. వాటిలో రెండు తప్పులు. తరువాత ఎవరో వచ్చి ఆ తప్పులను మౌనంగా దిద్ది పోయారు. నవ్వినవారు లేరు.

మంచి ప్రశ్నకు ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఉదాహరణ ఒకటి స్టాక్ ఓవర్‌ఫ్లోలోనే 2012లో వెలువడింది. ఒక ప్రోగ్రామర్ 32,768 సంఖ్యలను ఒక అర్రేలో నింపాడు. ఒక్కొక్కటి 0 నుండి 255 లోపు. వాటిలో 128 గాని అంతకు మించి గాని ఉన్నవాటిని మాత్రమే కూడాలి. ఈ పనిని లక్ష సార్లు చేయించి కాలం కొలిచాడు. సంఖ్యలు చిందరవందరగా ఉన్నప్పుడు 11.54 సెకండ్లు పట్టింది. అవే సంఖ్యలను ముందుగా చిన్నదాని నుండి పెద్దదానికి అమర్చి కూడితే 1.93 సెకండ్లే! కూడవలసిన సంఖ్యలు అవే, మొత్తమూ అదే. మరి ఆరు రెట్ల తేడా ఎందుకు?

ఆ ప్రశ్న అడిగిన తీరును గమనించండి. పూర్తి ప్రోగ్రాం ఇచ్చాడు, ఎవరైనా తమ యంత్రంపై నడిపి చూసుకోవచ్చు. కొలిచిన కాలాలు ఇచ్చాడు. సీ ప్లస్ ప్లస్ కంపైలర్ దోషమేమో అన్న అనుమానం తీరడానికి జావాలోనూ రాసి చూశాడు. తనకు తోచిన కారణం చెప్పి, అది ఎందుకు కాదనుకుంటున్నాడో కూడా చెప్పాడు. అర్జెంటు అన్న మాట లేదు.

జవాబు ఇచ్చినవారు రైలు జంక్షనును ఉపమానంగా తీసుకున్నారు. దానిని మనకు తెలిసిన కాజీపేటకు తెచ్చుకుందాం. బల్లార్షా వైపు నుండి వేగంగా రైలు వస్తున్నది. అది సికింద్రాబాదు పోవాలా, విజయవాడ పోవాలా అన్నది పాయింట్లు మార్చేవానికి ముందుగా తెలియదనుకోండి. ప్రతి రైలునూ ఆపి అడిగితే కాలహరణం. ఊహించి పాయింట్లు వేస్తాడు. ఊహ ఫలిస్తే రైలు ఆగకుండా సాగిపోతుంది. తప్పితే ఆపి, వెనుకకు నడిపి, మళ్ళీ సరియైన దారిలో పంపాలి. నేటి ప్రాసెసర్ 'అయితే-కాకపోతే' అన్న మలుపు వచ్చిన ప్రతిసారీ ఇట్లాగే ఊహిస్తుంది. దీనినే బ్రాంచ్ ప్రిడిక్షన్ అంటారు. సంఖ్యలు వరుసలో ఉంటే మొదటి సగం అన్నీ సికింద్రాబాదు రైళ్ళు, తరువాతివన్నీ విజయవాడ రైళ్ళు. ఊహ తప్పేది దాదాపు ఒక్క చోటనే. చిందరవందరగా ఉంటే ఇంచుమించు సగం సార్లు తప్పుతుంది. ఆ వెనుకడుగుల కాలమే తొమ్మిదిన్నర సెకండ్ల తేడా. కంప్యూటర్ నిర్మాణం అనే పాఠంలో మేము బట్టీ పట్టి మరచిపోయిన విషయం ఈ ఒక్క ప్రశ్న వల్ల మాకు ప్రాణం పోసుకున్నది. మాకే కాదు, లక్షలాది మంది దానిని చదివారు. అడిగినవాడు ఒకడు, లాభం పొందినవారు లెక్కకు మిక్కిలి.

జవాబు చెప్పేవారిని గూర్చి కూడా నిష్పక్షపాతంగా చెప్పాలి. ఉర్దూ నుండి మనకు వచ్చిన మరొక మాట 'జవాబుదారీ'. జవాబు ఇచ్చినవాడు దానికి బాధ్యుడు. 'ఇది ఇదివరకే అడిగారు' అని తలుపు మూయడం న్యాయమే కావచ్చు గాని, ఆ పాత ప్రశ్నను వెతకడానికి తగిన పదమే తెలియని కొత్తవానికి అది దెబ్బ. 'బ్రాంచ్ ప్రిడిక్షన్' అన్న పేరు తెలిసినవాడు ఆ ప్రశ్న అడగనే అడగడు గదా! తమ వేదిక కొత్తవారిని ఆదరించడం లేదని స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థ 2018లో తానే బహిరంగంగా ఒప్పుకున్నది. ఆ ఒప్పుకోలు మాకు ఊరట కలిగించింది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. అడిగిన క్షణంలో, విసుగు లేకుండా, కావాలంటే తెలుగులోనే జవాబు చెప్పే యంత్రం. మేమూ వాడుతున్నాము, దాచడం ఎందుకు? చూడడానికి సబబుగా ఉండి తప్పుగా తేలే జవాబులు వరదలా వస్తున్నవని, ఆ యంత్రం రాసినవాటిని తమ వేదికలో పెట్టరాదని స్టాక్ ఓవర్‌ఫ్లో ఆ డిసెంబరులోనే నిషేధించింది. తరువాతి సంవత్సరాలలో అక్కడ అడిగేవారి సంఖ్య బాగా తగ్గిపోయింది. మా భయం యంత్రం తప్పు చెబుతుందని మాత్రమే కాదు. ఒంటరిగా గదిలో యంత్రాన్ని అడిగిన ప్రశ్న ఆ గదిలోనే ఉండిపోతుంది. మన తరువాతి బ్యాచి విద్యార్థి అదే గుంటలో పడి, అదే ప్రశ్న మళ్ళీ ఒంటరిగా అడుగుతాడు.

అందుకే ఈ సంవత్సరం మా ప్రయోగశాలలో ఒక పెద్ద నోటుపుస్తకం ఉంచాము. ఎవరైనా తెలుగులో గాని, ఉర్దూలో గాని, ఇంగ్లీషులో గాని ప్రశ్న రాయవచ్చు. తెలిసినవారు కింద జవాబు రాసి సంతకం చేయాలి. ఒక జూనియర్ రాసిన ప్రశ్న ఇది: 'తెలుగు' అన్న మాటకు మూడు అక్షరాలే గదా, పొడవు అడిగితే సీ భాష 18 అని ఎందుకు చెబుతున్నది? జవాబు మూడు చేతిరాతలలో పూర్తయింది. త, ల, గ మూడు, వాటి గుణింతపు గుర్తులు మూడు, వెరసి ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ఉర్దూ విభాగం మిత్రుడొకరు కింద చేర్చారు: 'ఉర్దూ' అన్న మాటను మా లిపిలో రాస్తే నాలుగు అక్షరాలు, ఎనిమిది బైట్లు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం చిన్నది. ప్రయోగశాలను వారానికి ఒక సాయంత్రం అదనంగా ఒక గంట తెరిచి ఉంచవలసినది. నోటుపుస్తకంలో ఎనభై పేజీలు నిండినవి. చివరి పేజీలోని ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు రాయలేదు: మన కళాశాల హాజరు పట్టికలో కొన్ని పేర్లు తెలుగు లిపిలో, కొన్ని ఉర్దూ లిపిలో ఉంటే, వాటన్నింటినీ కలిపి ఒకే వరుసలో అమర్చడానికి ఏ క్రమాన్ని పాటించాలి?